కమలాక్షమ్మ రైలు ఆగిన పది రోజులు

హిందూపురం బజారులో సుధాకర్ స్టీలు సామాన్ల అంగడిలో సగం అతని భార్య అరుణది. ఎడమ గోడ నిండా బిందెలు, టిఫిన్ క్యారియర్లు. కుడి పక్క బల్ల మీద విప్పి పెట్టిన కంప్యూటర్లు. గ్లాసులు కొనడానికి వచ్చినవాళ్లు అరుణ పని చూస్తూ నిలబడిపోవడం, ప్రింటరు బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు పోతూ పోతూ ఒక గిన్నె పట్టుకుపోవడం అక్కడ మామూలే.

బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన అరుణ పెళ్లయినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్లుగా, ఈ పనిలోనే ఉంది. అంగళ్ల బిల్లింగ్ కంప్యూటర్లు, బడుల ప్రింటర్లు ఆమె చేతికి రానివి ఊళ్లో తక్కువ. తను బాగు చేసింది అదే జబ్బుతో మళ్లీ తిరిగి రాదని ఆమెకు కాస్త గర్వం కూడా. ఆటలు మాత్రం ఆమెకు తెలియవు. కంప్యూటర్‌లో ఆడుకోవాలన్న సరదా ఆమెకు ఎన్నడూ కలగలేదు.

వానాకాలం మొదట్లో పెనుకొండలో ఒక పెద్ద పిడుగు పడి, రామచంద్రయ్య ఇంట్లో కంప్యూటరు చప్పుడు లేకుండా ఆగిపోయింది. ఆయన గూడ్సు రైళ్లు నడిపి రిటైరైన మనిషి. అరుణ వెళ్లి చూసింది. తెర మీద బొమ్మలు వేసే గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. కొత్తది తెచ్చి బిగించి, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఫోటోలూ వీడియోలూ ఆడించి చూపించి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను. మాట్లాడింది ఆయన కాదు, ఆయన భార్య కమలాక్షమ్మ.

"అరుణమ్మా, నువ్వు పోయినంక అన్నీ బాగుండాయి గానీ, నా రైలు కదల్లేదు తల్లీ."

"రైలా? ఏ రైలమ్మా?"

"ఆటలో రైలు. నొక్కితే తెర నల్లగా అయితాది, అంతే, మూసుకుంటాది. నువ్వొచ్చి ఒకసారి చూడల్ల."

తన పని తిరిగొచ్చింది. అరుణ ఆ పూటే పెనుకొండ బస్సెక్కింది.

ఆ ఇంట్లో కంప్యూటరు ముందు రెండు కుర్చీలుండేవి. నడిపే కుర్చీ కమలాక్షమ్మది. పక్క కుర్చీలో రామచంద్రయ్య కూర్చుని సిగ్నల్ చూసి చెప్పేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమె ఆయన్ని ఒక మాట అడిగిందట: కిటికీలోంచి పక్కకు చూస్తే పొలాలు వెనక్కి పోతాయి, మరి ఇంజన్లోంచి ముందుకు చూస్తే పట్టాలు ఎట్ల కనపడతాయని. ఒక్కసారి ఎక్కించుకుని చూపించమంది. రూల్సు ఒప్పుకోవన్నాడాయన. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఒక్కనాడు కూడా ఒప్పుకోలేదు.

రిటైరయ్యాక, ధర్మవరంలో ఉండే లక్ష్మీకాంత్ అనే పాత స్నేహితుడు ఈ ఆట తెచ్చి పెట్టాడు. రైల్వేలో సిగ్నల్ పని చేసినవాడు. ఇరవై ఏళ్ల కిందటి రైలు ఆట అది. అందులో మన ఊళ్లు లేవని, హిందూపురం నుంచి ధర్మవరం దాకా లైనంతా ఆయనే ఆదివారాలు తిరిగి ఫోటోలు తీసి, వంతెనలూ మలుపులూ ప్లాట్‌ఫారాలూ ఒక్కొక్కటే గీసి ఆటలోకి ఎక్కించాడు. ఆరేళ్లు పట్టింది. ఆట ఇంటికొచ్చిన రోజు నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి కమలాక్షమ్మ డ్యూటీ ఎక్కేది.

అరుణ ఆట తెరిచి చూసింది. రెండు క్షణాలు నల్లతెర, ఆ తర్వాత ఏమీ లేదు.

"డ్రైవర్‌తో తంటా ఉన్నట్టుండాది," అంది తనలో తాను అనుకున్నట్టు.

కమలాక్షమ్మ చటుక్కున భర్త వైపు తిరిగింది. "డ్రైవర్‌కేమమ్మా? ఒక్క మెమో లేకుండా సర్వీసు చేసినాడు."

రామచంద్రయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను కూడా డ్రైవర్ అనే అంటారని అరుణ చెప్పేసరికి, "అట్లయితే ఆ డ్రైవర్ని సస్పెండ్ చెయ్యి," అన్నాడాయన.

సస్పెండ్ చేసింది కూడా. కొత్త డ్రైవర్ పూర్తిగా తీసేసి, పాతది వెతికి ఎక్కించబోయింది. ఈ కార్డు నాకు తెలియదని పాత డ్రైవర్ మొండికేసింది. కార్డు నిన్నటిది, డ్రైవర్ పదేళ్ల నాటిది. దానికి దీని పేరే తెలియదు. ఆటను పాత విండోస్ పద్ధతిలో తెరిచి చూసింది. చిన్న తెరలో తెరిచి చూసింది. ఎట్ల తెరిచినా అదే నల్లతెర.

తర్వాతి వారమంతా అరుణకు వేరే పని మీద మనసు నిలవలేదు. అంగట్లో బల్ల ముందు కూర్చుని, ఎక్కడెక్కడి జనమో పాత ఆటల గురించి రాసుకున్న ప్రశ్నలూ జవాబులూ చదువుతూనే ఉంది. సుధాకర్ ఒకసారి బిందె తుడుస్తూ అడిగాడు.

"కొత్త ఆట కొనుక్కోమని చెప్పగూడదా వాళ్లకు?"

అదే మాట ఆమె ఫోనులో కమలాక్షమ్మను అడిగేసింది.

"కొత్త ఆటలో మన చాకర్లపల్లి స్టేషన్ ఉంటాదామ్మా?" అంది కమలాక్షమ్మ.

తొమ్మిదో రోజు అరుణ లక్ష్మీకాంత్‌ను వెతుక్కుంటూ ధర్మవరం పోయింది.

లక్ష్మీకాంత్ ఇల్లు మగ్గాల వీధిలో ఉంది. చుట్టూ అన్ని ఇళ్లలోంచీ మగ్గాల టకటకలు. ఆయన కంప్యూటరు మీద బూజు ఒకటే తక్కువ, అంత పాతది. అందులో ఆట మీట నొక్కీ నొక్కగానే తెరుచుకుంది. హిందూపురం స్టేషన్, ఎర్రటి ఇంజను, ముందు మెరిసే పట్టాలు. అరుణ మొదటిసారి చూసింది దాన్ని. తను రోజూ దాటే గేటు, దాని పక్క టీ బంకు కూడా ఉంది.

"బంకు కూడా గీసినారే!"

"అది లేకపోతే హిందూపురం ఎట్లయితాదమ్మా?" అన్నాడాయన.

ఇద్దరూ కూర్చుని ఆట ఫోల్డర్ మొత్తం గాలించారు. అందులో ఒక చిన్న ఫైలు కనపడింది. ఆట తెరుచుకునేటప్పుడు తాను చేసే ప్రతి పనినీ అందులో రాసుకుంటుంది. అరుణ పెనుకొండకు ఫోను చేసి, అక్కడి ఫైలును రామచంద్రయ్య చేత ఫోటో తీయించి తెప్పించుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవసాగింది.

మొదటి పది లైన్లూ ఒకటే. పదకొండో లైనులో ఆట కార్డును అడుగుతోంది: నీకు ఏమేమి పనులు వచ్చు? లక్ష్మీకాంత్ కార్డు చెప్పిన జాబితా అర పేజీ. దాని కింద ఆట మిగతా పనులు చేసుకుంటూ పోయింది. కమలాక్షమ్మ కార్డు చెప్పిన జాబితా పేజీ దాటింది, ఒక మాట మధ్యలో తెగిపోయింది. దాని కింద ఏమీ లేదు.

అరుణ ఆ తెగిన మాట మీద వేలు పెట్టి చూపించింది.

"సార్, ఇరవై ఏండ్ల కిందట కార్డులకు వచ్చే పనులు తక్కువ. ఆట రాసినోళ్లు ఆ జవాబుకు ఇంత జాగా చాలనుకున్నారు. ఇప్పటి డ్రైవర్ తనకొచ్చిందంతా ఏకరువు పెడతాండాది. జాగా చాలక ఆట పడిపోతాండాది."

"అంటే యాడా ఏమీ చెడిపోలేదా?"

"ఏమీ చెడిపోలేదు సార్. అది ఎక్కువ మాట్లాడతాండాది, అంతే!"

లక్ష్మీకాంత్ తొడ చరిచి నవ్వాడు.

మరి ఎక్కువ మాట్లాడేదాన్ని తక్కువ మాట్లాడమనడం ఎట్లా? ఏమని వెతకాలో తెలిశాక జవాబు దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. ఇట్లాంటి పాత ఆటల కోసమే కొత్త డ్రైవర్ సెట్టింగులలో ఒక మీట ఉందని, ఫలానా ఆట అడిగితే జాబితా కుదించి చెప్పమని దాంతో చెప్పొచ్చని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. ఆ మీట ఆమె కళ్ల ముందే ఉండేది. దాని పని ఏమిటో తెలియక ముట్టుకోలేదు.

పదో రోజు ఆదివారం. లక్ష్మీకాంత్ కూడా తోడు వస్తానన్నాడు. ఆయన ధర్మవరంలో, ఆమె హిందూపురంలో బయల్దేరి నాలుగు కావస్తుండగా ఇద్దరూ పెనుకొండ చేరారు. అరుణ ఆ మీట మార్చి, ఆట తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. తెర నల్లబడింది. ఒక క్షణం. రెండు.

హిందూపురం స్టేషన్ వచ్చింది. కానీ పైన ఆకాశం నీలంగా లేదు, ముదురు గులాబీ రంగులో ఉంది.

"ఇదేమి, ఆకాశం ఇట్లయింది?" అన్నాడు లక్ష్మీకాంత్ కంగారుగా. ఆరేళ్ల కష్టం ఆయనది.

"జాబితాలోంచి ఏదో ఒకటి ఎక్కువ తెగినట్టుండాది సార్. చూసి సరిచేస్తా," అని అరుణ మౌస్ పట్టుకోబోయింది.

కమలాక్షమ్మ ఆమె చేయి పక్కకు తోసేసింది. "ఉండనీ తల్లీ. బాగుండాది. నాలుగు దాటింది, బండి లేటైతాది." హారన్ మోగించింది.

బండి కదిలింది. రామచంద్రయ్య పక్క కుర్చీలోంచి, స్టేషన్ విడవమనే సిగ్నల్ చూసి, "స్టార్టర్ గ్రీన్," అన్నాడు. లక్ష్మీకాంత్ వెనక నిలబడి చూస్తున్నాడు. తను గీసిన లైను మీద వేరేవాళ్లు బండి నడుపుతుంటే చూడటం ఆయనకు ఇదే మొదటిసారి. చాకర్లపల్లి దాటాక మలుపు దగ్గర ఆయన ముందుకు వంగాడు. ఎవరూ చెప్పకుండానే కమలాక్షమ్మ వేగం తగ్గించి మలుపు తీసుకుంది. ఆయన మెల్లగా, "ఆడ వేగం తగ్గించమనే బోర్డు పెట్టడం నేను మర్చిపోయినా. ఎట్ల తెలిసింది?" అన్నాడు.

"ఈయన ముప్పై ఏండ్లు అన్నం తింటా ఆ మలుపు గురించే చెప్పినాడు," అంది ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

ఆ మలుపు అంత బిగువు కాదని లక్ష్మీకాంత్, ఇంకా బిగువేనని రామచంద్రయ్య వాదించుకోవడం మొదలుపెట్టారు. గులాబీ ఆకాశం కింద పెనుకొండ కొండ దగ్గరపడుతోంది. అరుణ ఒక స్టూలు లాక్కుని కమలాక్షమ్మ వెనకే కూర్చుంది. ధర్మవరం చేరేదాకా లేవలేదు. చేరాక కమలాక్షమ్మ కుర్చీ ఖాళీ చేసి, తిరుగు బండి నువ్వే నడపమని ఆమెను కూర్చోబెట్టింది. అరుణ పెనుకొండ ప్లాట్‌ఫారం దాటించి బండిని అర కిలోమీటరు అవతల ఆపింది. రామచంద్రయ్య ఒక తెల్లకాగితం తీసుకుని నిజంగానే మెమో రాసి చేతికిచ్చాడు. నలుగురూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

ఆకాశం రంగు ఆమె ఆ తర్వాతి వారం సరిచేసింది. అదైనా లక్ష్మీకాంత్ పోరు పడలేకే.

ఈ సంగతి ఎట్లా పాకిందో గానీ, ఇప్పుడు అరుణ బల్ల దగ్గరకు పాత ఆటలవాళ్లు రావడం మొదలైంది. తనకల్లు నుంచి ఒక హైస్కూలు మాస్టారు, కాలేజీ రోజుల్లో ఆడిన క్రికెట్ ఆట టాస్ వేయగానే మూసుకుంటోందని, సీపీయూ దుప్పట్లో చుట్టుకుని బస్సులో తెచ్చాడు. అరుణ దాన్ని బల్ల మీద పెట్టించి, దుప్పటి మడిచి పక్కన పెట్టింది.

"ఎన్నాళ్ల నుంచి మాస్టారూ?"

"నాలుగేండ్లమ్మా. బాగైతాదా?"

"కూర్చోండి," అంది అరుణ, ప్లగ్గు పెడుతూ. "మొదట అది యాడ పడిపోతాందో చూద్దాం."