రెండో పెట్టె

ఆ ఊళ్లో సింఫనీ ఆర్కెస్ట్రా ఉందంటే మా రూమ్మేట్లు నమ్మలేదు. కెనడాలో సస్కటూన్ నుంచి రెండున్నర గంటల ప్రయాణం, దారి పొడుగునా గోధుమ చేలు, చివర ఒక ఊరు, ఊరికో కాలేజీ, ఆ కాలేజీ నిండా మేము, తెలుగు పిల్లలం. "ఆర్కెస్ట్రానా? పెళ్లిళ్లలో పాడతారు చూడు, ఆ టైపా?" అంది ఖమ్మం పిల్ల. కాదే తల్లీ, అరవై మంది నల్లబట్టలేసుకుని కాగితాలు చూస్తూ, ముందు నిలబడి చెయ్యి ఊపే కండక్టర్ చెప్పినట్టు వాయిస్తారు అని చెప్పాను. ఆ ముక్కైనా నాకు అక్కడ ఉద్యోగం దొరికాక తెలిసిందే.

ఉద్యోగమంటే ఆర్కెస్ట్రా లైబ్రరీలో సహాయకురాలు, మూడు నెలల కాంట్రాక్టు. నా వర్క్ పర్మిట్ ఇంకో ఏడు నెలల్లో అయిపోతుంది. ఫుల్‌టైమ్ ఉద్యోగమూ, దానికో లెటరూ ఉంటే పీఆర్‌కి, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతికి, అప్లై చేయొచ్చు. లేకపోతే సూట్‌కేసు సర్దుకోవడమే. చదువు పూర్తయిన దగ్గర్నుంచీ కాఫీ షాపుల్లో, గోడౌన్లలో ఎంత మందిని బతిమాలానో! మనిషి కావాలన్నవాడే గానీ ఫుల్‌టైమ్ ఇస్తానన్నవాడు లేడు. ఆర్కెస్ట్రా మేనేజర్ మాత్రం ఒక మాటన్నాడు: లైబ్రరీ చూసుకునే మేడమ్ నీ గురించి మంచిగా రాసిస్తే కొత్త సీజన్ నుంచి ఫుల్‌టైమ్. ఇక నాకు రాత్రీ పగలూ ఒకటే ధ్యాస, ఆవిడ చేత మంచిదాన్ననిపించుకోవాలి.

మేడమ్‌కి డెబ్భై నాలుగేళ్లు. వయోలిన్‌కి అక్కలాంటి వయోలా అనే వాద్యాన్ని ఇదే ఆర్కెస్ట్రాలో నలభై ఏళ్లు వాయించి, వేళ్లు బిగుసుకుపోయాక లైబ్రరీలోకి వచ్చింది. మేడమ్ అని పిలవొద్దు, పేరు పెట్టి పిలువు అని మొదటిరోజే చెప్పింది. నాకు నోరు రాలేదు. అప్పుడప్పుడూ కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని బల్లంతా వెతుక్కునేది, కెటిల్ స్విచ్ ఆపడం మరిచిపోయేది. "ముసలిదాన్నైపోతున్నా" అని తనే నవ్వేది.

ఆర్కెస్ట్రా కథంతా ఆవిడ నోటే విన్నాను. ఒక స్కూలు సంగీతం టీచరు, ఒక పళ్ల డాక్టరు, చర్చిలో పాడే ఆడవాళ్లు కొందరు కలిసి మొదలుపెట్టారట. హాలు లేని రోజుల్లో హాకీ ఆడే చోట మంచు మీద చెక్కలు పరుచుకుని, వేళ్ల చివర్లు కత్తిరించిన గ్లవ్స్‌తో వాయించారట. పంట కోతల సీజన్లో సెల్లో అనే పెద్ద వయోలిన్ లాంటిది వాయించేవాళ్లు సగం మంది పొలంలోనే ఉండేవారట.

మా పని గురించి కొంచెం చెప్పాలి. కచేరీలో వయోలిన్ కమానులన్నీ ఒకేసారి పైకీ, ఒకేసారి కిందికీ వెళ్తాయి. ఏ స్వరానికి ఎటు అన్నది కాగితాల మీద పెన్సిల్‌తో గుర్తులుంటాయి. ముందు వరసలో కూర్చునే పెద్ద వయోలినిస్టు గుర్తులు పెడితే, అందరి కాగితాల మీదికీ వాటిని ఎక్కించేది లైబ్రరీ వాళ్లు. అద్దెకు తెచ్చిన కాగితాలైతే కచేరీ అయ్యాక ఆ గుర్తులన్నీ చెరిపి తిప్పి పంపాలి.

నేను చేరిన మూడో వారం, శుక్రవారం, మేడమ్ చెల్లెల్ని చూడ్డానికి సస్కటూన్ వెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టింది. "కిటికీ పక్క పెట్టె అద్దెది. చెరిపేసెయ్, సోమవారం పంపాలి" అంది. శనివారం మధ్యాహ్నానికి అయిపోయింది. అక్కడితో ఇంటికి పోవాల్సింది. పోతే నేనెందుకవుతాను!

బల్ల కింద ఇంకో పెట్టె ఉంది. వచ్చే శనివారం కచేరీకి వాయించబోయే సింఫనీ, నాలుగు భాగాల పెద్ద కృతి. తీసి చూస్తే పెన్సిల్ గీతల మీద గీతలు, చుట్టలు, బాణాలు, ఆఖరి పేజీల్లో ఏవేవో రాతలు. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు నాకు పాట నేర్పిన మాస్టారు పుస్తకం చూసి పాడితే చెవి మెలిపెట్టేవారు. కాగితం మీద గుర్తు పెట్టుకోవడమంటే పాఠం రాని పిల్ల చేసే పనని నా బుర్రలో నాటుకుపోయింది. పైగా స్కూల్లో ఏడాది చివర నా పుస్తకాలు ఎంత శుభ్రంగా చెరిపి ఇచ్చేదాన్నంటే, కింది క్లాసు పిల్లలు వాటి కోసం కొట్టుకునేవారు. ఇవి పాత గుర్తులు, ఈ కచేరీకి పెద్ద వయోలినిస్టు ఎలాగూ కొత్తవి పెడతాడు, అడక్కుండా చేస్తే మేడమ్ మురిసిపోతుంది, లెటర్లో రాస్తుంది అనుకున్నాను. శనివారం సాయంత్రమూ, ఆదివారమంతా కూర్చుని చెరిపాను. భుజం పడిపోయింది. చెరిపే ముందు ఆఖరి పేజీలు చదివాను కూడా, అదీ నా తెలివి! "బయట మైనస్ నలభై. హీటర్ పోయింది. అయినా వాయించాం." "హార్న్ వాయించే మనిషికి కొడుకు పుట్టాడని విరామంలో తెలిసింది." చదివి, ఎవరో పనీపాటా లేక రాసుకున్నారనుకుని, చెరిపాను.

సోమవారం ఆవిడ వచ్చింది. నేను పొగడ్త కోసం పళ్లికిలించుకుని నిలబడ్డాను. పెట్టె తెరిచి ఒక పుస్తకం తీసింది, ఇంకోటి తీసింది. మెల్లిగా కుర్చీలో కూలబడింది.

"ఇవి మనవి. అద్దెవి కావు. మొదటి సంవత్సరం నుంచీ ఉన్న గుర్తులు."

ఒక్క క్షణమైతే చెప్పేసేదాన్నే, దేవుడి మీద ఒట్టు. కానీ ఆవిడ తలెత్తి, నన్ను కాదు, తనని తనే అనుమానిస్తూ అడిగింది. "ఇది కూడా చెరపమని నేనే చెప్పానా?"

నా ముందు ఏడు నెలలు కనిపించాయి. సూట్‌కేసు కనిపించింది.

"అవును మేడమ్," అన్నాను.

ఆవిడ పుస్తకాలు మళ్లీ పెట్టెలో సర్దింది. తర్వాత లేచి మేనేజర్ గదికి వెళ్లి, పొరపాటు తనదేనని చెప్పొచ్చింది.

కచేరీ శనివారం. గుర్తులు లేకుండా రిహార్సల్ కుదరదు. మంగళవారం పొద్దున్నే ఇద్దరం బల్లకి చెరో పక్క కూర్చున్నాం. ఆవిడ కళ్లు మూసుకుని, కుడిచేత్తో గాల్లో కమాను లాగుతూ, నోటితో ఆ సింఫనీ పాడటం మొదలుపెట్టింది. "ఇక్కడ పైకి. ఇక్కడ కిందికి, చివరిదాకా. ఇక్కడ మొదటి కండక్టర్ ఆగమనేవాడు, చిన్న గీత పెట్టు." వయోలావే కాదు, వయోలిన్లవీ, సెల్లోలవీ. నాలుగు భాగాలు, ఒక్కచోట కూడా తడుముకోలేదు. పెద్ద వయోలినిస్టు వచ్చి చూసి నోరెళ్లబెట్టాడు.

అయ్యో, ఆ జ్ఞాపకశక్తిని కళ్లారా చూస్తున్నాను నేను! ఆవిడ చెప్పినచోటల్లా గీత పెడుతున్నాను, నోరు మాత్రం తెరవడం లేదు. రాసినవాళ్లు చచ్చిపోయిన ఆ ఆఖరి పేజీల రాతలు ఎలాగూ తిరిగి రావు. కానీ ఈవిడ బుర్రకి ఏమీ కాలేదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట కోసం నాలుగు రోజులు ఆవిడ ఎదురుగా కూర్చుని మింగుతూనే ఉన్నాను. మధ్యలో ఆగి నన్నడిగేది, "చెప్పింది అసలు గుర్తే లేదు చూడు. ఏ రోజు చెప్పాను?" శుక్రవారం, వెళ్లబోయే ముందు, అన్నాను. వివరాలు కూడా అల్లాను! నా నోరు పడిపోను.

శుక్రవారం మధ్యాహ్నానికి, సాయంత్రం రిహార్సల్‌కి ముందే, ఆఖరి గుర్తు పెట్టాం. ఆ రోజే ఆవిడ రెండు లెటర్లు టైపు చేసింది. ఒకటి తన రాజీనామా. రెండోది నా గురించి. నాది చదవమని ఇచ్చింది. "పొరపాటు నాది, దిద్దుబాటు భారం ఆమెది. ఇంత జాగ్రత్త గల మనిషిని నేను చూడలేదు" అని ఉంది. బాత్రూమ్‌లోకెళ్లి ఏడ్చాను. ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, ఆ లెటర్ని స్కాన్ చేసుకున్నాను.

శనివారం హాలు నిండింది. రైతులు, టీచర్లు, మొదటిసారి వచ్చిన మా రూమ్మేట్లు. మేడమ్ నన్ను మూడో వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. కమానులన్నీ ఒకేసారి లేచాయి, ఒకేసారి దిగాయి, ఎక్కడా తేడా రాలేదు. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, "కచేరీకి వచ్చిన మా చెల్లికి కారు తాళాలు ఇచ్చేశాను. డాక్టర్ దగ్గర పరీక్షలకి కూడా పేరు రాయించుకున్నా. నడుపుతూ ఏదైనా మర్చిపోతే ఎవరికో ప్రాణం మీదికి వస్తుంది కదా" అంది. నవ్వుతూనే అంది. నా చేతి మీద వేసిన చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

అప్పుడైనా చెప్పొచ్చు. కండక్టర్ మళ్లీ చెయ్యెత్తాడు, సంగీతం మొదలైంది, నేను దాని చాటున దాక్కున్నాను.

అంతా అయ్యాక కండక్టర్ మైకు పట్టుకుని ఇది ఆవిడ ఆఖరి సీజన్ అని చెప్పాడు. హాలు హాలంతా లేచింది. వాయించినవాళ్లు కమానులతో స్టాండ్ల మీద తడుతున్నారు. మా రూమ్మేట్లు వెనక నుంచి ఈలలు వేస్తున్నారు. ఆవిడ లేచి, "నేనొక్కదాన్నే కాదు" అని నా చెయ్యి పట్టుకుని లాగింది.

నేను లేచాను. చప్పట్లు ఆగేదాకా నిలబడే ఉన్నాను.