బర్రెల కొట్టం మీద నేను రాసిన రెండు కాగితాలు

సూపర్‌మార్కెట్లో ఇప్పుడు పాలు గాజు సీసాల్లో అమ్ముతున్నారు. సీసా మీద గేదె బొమ్మ, దాని చుట్టూ పచ్చిక, వెనకాల ఓ కొండ. ఆ బొమ్మ కనిపించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ గేదె జన్మలో పేడ వేసినట్టుండదు, వానలో తడిసినట్టుండదు. నేరేడ్‌మెట్‌లో మా వీధి చివర అసలు గేదెలు నాలుగుండేవి. వాటికో రేకుల కొట్టం ఉండేది. ఆ కొట్టాన్ని మున్సిపాలిటీ వాళ్ళు పీకేశారని మా అపార్ట్‌మెంట్లో ఇవాళ్టికీ చెప్పుకుంటారు. పీకింది వాళ్ళే గానీ, పీకించింది నేను.

మాది విజయనగరం వైపు. మావారికి సికింద్రాబాద్‌లో రైల్వే ఆఫీసులో ఉద్యోగం. నాకేమో మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీలో. అవి సాఫ్ట్‌వేర్ కంపెనీలు వానాకాలం పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాంలో తప్పులు పట్టడం నా పని. పట్టిన తప్పుకి నంబరు వేసి, గళ్ళు గీసి, ఎక్కడ ఉంది, ఎలా బయటపడింది, ఎంత తీవ్రమైంది అని విడివిడిగా రాయాలి. నేను రాస్తే ఎదుటివాడు నోరెత్తలేడని మా ఆఫీసులో పేరు. ఆ పేరు చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మా అత్తగారు మాతోనే ఉండేవారు. పళ్ళు పోయాక ఆవిడకి రెండుపూటలా పెరుగన్నమే భోజనం. ప్యాకెట్ పాలతో నేను తోడుపెట్టిన పెరుగు చూసి, గిన్నె పక్కకి వొంచి, "ఇది పెరుగేటమ్మా, సున్నప్తేటలాగుంది" అనేవారు. సగం అన్నం కంచంలోనే వదిలేసేవారు. అలా పాల కోసం వెతుక్కుంటూ వెళ్తే వీధి చివర కొట్టం కనిపించింది.

పాలు పోసే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. భర్త గడ్డికి పోతే కొట్టం, పాలు, బేరం అంతా ఆవిడే చూసుకునేది. పొద్దున్న అయిదున్నరకల్లా ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుని వెళ్ళాలి. ఆవిడ స్టీలు బకెట్ తెచ్చి, మా అందరి ముందూ బోర్లించి, అందులో చుక్క నీళ్ళు లేవని చూపించి, "చూస్కో అమ్మా" అనేది. అప్పుడు గేదె పక్కన కూర్చునేది. రోజూ ఇదే వరస. మిగతావాళ్ళు కబుర్లలో పడి ఆ బకెట్ వైపు తలైనా తిప్పేవారు కాదు. నేను మాత్రం వొంగి మరీ చూసేదాన్ని.

ఆ పాలతో పెరుగు గోడకి కొడితే అంటుకునేలా తోడుకునేది. అత్తగారు కంచం నాకినంత పని చేసేవారు. ఆదివారం తిరుమలగిరిలో నిలబడి కోయించుకున్న మాంసం, పొద్దున్నే ముందర పితికించుకున్న పాలు. ఆఫీసులో ప్లాస్టిక్ ట్రేల్లో చికెన్ కొనుక్కునే పిల్లలందరికీ నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. "మీ కళ్ళ ముందు జరిగిందే తినండమ్మా, తాగండి" అని. వాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆ ఏడాది వానలు పడ్డాయి. వారం తిరిగేసరికి పాలు పల్చబడ్డాయి. కాచి చల్లారిస్తే ఉల్లిపొరంత మీగడ. నా కోపం పాలపొంగు లాంటిది, పక్కన నిలబడి కాచుకోకపోతే పొయ్యి ఆరుతుంది. ఆదివారం పొద్దున్న అందరి ముందూ అడిగేశాను.

"నిజం చెప్పు. నీళ్ళు కలుపుతున్నావా?"

ఆవిడ పితకడం ఆపలేదు. "కలుపుడేందమ్మా. నీ ముంగటనే పిండుతున్న గద. వానలు పడ్డయి, బర్రెలు పచ్చిగడ్డి మేస్తున్నయి. పాలు జెర పల్చగుంటయి. నెల దినాలైతే సర్దుకుంటది."

"పచ్చిగడ్డి తింటే పాలు చిక్కబడాలి గానీ పల్చబడడమేమిటి? నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా నీకు?"

అక్కడున్నవాళ్ళంతా కబుర్లు ఆపేశారు. ఆవిడ లేచి నా గిన్నెలో పాలు పోసింది. "ముప్పయ్యేండ్ల సంది పాలు పోస్తున్న. గీ మాట ఎవ్వలు అనలే" అంది. తర్వాతి గేదె దగ్గరికి వెళ్ళేముందు బకెట్ కడిగి, బోర్లించి, నా వైపు తిప్పి చాలాసేపు పట్టుకుంది. చూశాను. అయినా నమ్మలేదు.

అదే రోజు మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు. విషయం దోమలు. వీధి కాలువ నిండిపోయి నీళ్ళు కదలడం లేదు. సెక్రటరీ గారు రిటైరైన పెద్దమనిషి. మున్సిపల్ ఆఫీసుకి అప్పటికి మూడు ఉత్తరాలు రాశారు, జవాబు లేదు. "మీరు ఇంగ్లీషు బాగా రాస్తారటగా అమ్మా, ఈసారి మీరు రాయండి" అన్నారు. రాయమన్నదే చాలు, సాయంత్రం లోపు కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

మా ఆఫీసు పద్ధతిలోనే రాశాను. గళ్ళు గీశాను, ఫొటోలు అతికించాను, నంబర్లు వేశాను. ఒకటోది అసలు కారణం: పక్కన కొత్త బిల్డింగ్ కడుతున్నవాళ్ళు ఇసుకా, ఇటుక ముక్కలూ కాలువ మూతిలో పోసేశారు. అక్కణ్ణుంచి అయిదు వరకూ కాలువ సంగతులే. ఆరోది మాత్రం ఎవరూ రాయమనలేదు. వీధి చివర గేదెల కొట్టం నుంచి పేడనీళ్ళు కాలువలోకి వస్తున్నాయి, అది జనం మధ్య ఉండదగిన చోటు కాదు అని రాశాను. వాన పడ్డప్పుడు పేడనీళ్ళు వచ్చేమాట నిజమే. కానీ మీటింగులో గేదె అన్న మాట ఎవరి నోటా రాలేదు, అక్కడ సగం మంది ఆ పాలే తాగుతారు. ఆరో నంబరు ఎదురుగా తీవ్రత గడిలో అన్నిటికన్నా పెద్ద మాట పెట్టాను.

మావారు భుజం మీదుగా చదివి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? దోమల గురించి రాయమంటే గేదెల మీద పడ్డావేమిటి?" అన్నారు.

"ఉన్నదే రాశాను. అబద్ధమేమైనా ఉందా?"

"అబద్ధం లేదు. కోపం ఉంది" అని ఆయన లేచి వెళ్ళిపోయారు. నేను ఆ పూటే అచ్చుతీసి సెక్రటరీ గారికి ఇచ్చేశాను.

మర్నాడు సాయంత్రం భోజనం దగ్గర పెరుగు వడ్డిస్తూ పాలావిడ మీద సణుగుతుంటే అత్తగారు చెయ్యి ఆపేశారు.

"ఏటమ్మా, నీళ్ళు కలిపినావని ఆవిడినడిగేసినావా? తొలకరి గడ్డి మేస్తే ఏ గేదైనా పల్చగే ఇస్తాది. మా పుట్టింట్లో నాలుగు గేదెలుండీవి, నాకు తెల్దేటి? నన్నో మాటడక్కపోయినావా?"

ఇంట్లో పెద్దావిడని పెట్టుకుని ఆ ఒక్క మాట అడగలేదు నేను. అప్పుడైనా సెక్రటరీ గారికి ఫోన్ చేసి, ఆ ఉత్తరం ఆపండి, ఆరో నంబరు కొట్టేసి ఇస్తాను అనొచ్చు. చెయ్యలేదు. ఎందుకు కొట్టేస్తున్నావంటే నా తప్పు చెప్పుకోవాలి. పైగా మూడు ఉత్తరాలకి కదలనివాళ్ళు నాలుగోదానికి కదులుతారా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాలావిడకి క్షమాపణ కూడా చెప్పలేదు. మర్నాటి నుంచి ఆవిడ బకెట్ బోర్లిస్తుంటే పక్కకి చూడడం మొదలుపెట్టాను. అదే క్షమాపణ అనుకున్నాను, నా మొహం. నెలయ్యేసరికి పాలు మళ్ళీ చిక్కబడ్డాయి, ఆవిడ చెప్పినట్టే.

ఆ తర్వాత వారానికి మున్సిపల్ ఆఫీసువాళ్ళు కదిలారు. మొదటి అయిదు నంబర్లూ కష్టమైన పనులు. యంత్రం తేవాలి, మట్టి ఎత్తాలి, బిల్డింగ్ కడుతున్న పెద్దమనిషిని పిలిచి అడగాలి. ఆరోది తేలిక. నాలుగు బర్రెలు, ఒక ఆడమనిషి, పదిహేను రోజుల నోటీసు.

నేను ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి పాలావిడ మా గుమ్మంలో నిలబడి ఉంది. అప్పటిదాకా ఎన్నడూ మా మెట్లెక్కలేదు. చేతిలో కాగితాలు.

"ఇంగ్లీషుల ఉన్నదమ్మా. జెర చదివి చెప్పు. పొద్దుగాల సంది పరేషాన్ అవుతున్న."

పైన నోటీసు. దానికి గుచ్చి, వెనకాల నా ఉత్తరం నకలు. నా గళ్ళు, నా నంబర్లు. కింద అసోసియేషన్ ముద్ర ఉంది గానీ నా పేరు లేదు.

"కొట్టం తీసెయ్యమంటున్నారు" అన్నాను. "పదిహేను రోజుల్లో."

"ఎవలు రాసిర్రమ్మ మా మీద?"

"అసోసియేషన్ వాళ్ళు."

అదీ అబద్ధం కాదు. ఉన్నదే చెప్పడం నాకు అలవాటు కదా.

ఆవిడ నోటీసు మడతలు సవరించింది. "పోతం తీయమ్మ, సర్కారోళ్ళతోటి కొట్లాడుతమా. గని ఒక బర్రె నిండు సూడిది. ఇంకొక నెలకు ఈనుతది. గిప్పుడు బండి ఎక్కిస్తే కడుపుల దూడ దక్కది. అది ఈనెదాక ఆగుమని ఒక కాగితం రాసిస్తవా? నీకు మంచిగ రాయొస్తదంటరు."

అత్తగారు లోపలి నుంచి అన్నీ వింటున్నారు. నేను పాలావిడ మొహం చూడలేకపోయాను.

మర్నాడు సెలవు పెట్టి రాశాను. బతుకులో అంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు. గేదెకి ఎన్నో నెలో, బండిలో తీసుకెళ్తే ఏం ప్రమాదమో, నెల గడువిస్తే ఎవరికీ నష్టం లేదనీ, కాలువకి అసలు అడ్డం ఇసుకేననీ, ఒక్కొక్కటీ నంబరు వేసి, గళ్ళు గీసి రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆవిడ ఆ కాగితం పట్టుకుని మున్సిపల్ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. గడువు ఇవ్వలేదు. మొదటి కాగితం అంత బలంగా ఉందట.

పదహారో రోజు రేకులు లాగేశారు. మూడు గేదెల్ని ఎవరికో అమ్మేసుకున్నారు. సూడి గేదెని బండెక్కించడానికి భయపడి, భార్యా భర్తా ఇద్దరూ నడిపించుకుంటూ యాప్రాల్‌లో వాళ్ళ చుట్టాల పెరట్లోకి తీసుకెళ్ళారు. ఆపి ఆపి, నీళ్ళు తాగించి, పొద్దంతా నడిచారట. నేను ఆ రోజు ఆఫీసులో ఎవరిదో ప్రోగ్రాంలో తప్పులు పడుతున్నాను.

కాలువలో ఇసుక అలాగే ఉంది. దోమలూ అలాగే ఉన్నాయి. అసోసియేషన్‌లో మాత్రం, మీ ఉత్తరానికి కదిలారమ్మా అని నన్ను మెచ్చుకున్నారు. ఇంట్లో మళ్ళీ ప్యాకెట్ పాలు. అత్తగారికి సంగతంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, పెరుగు గిన్నె వైపు చూడకుండా చారన్నం తిని లేచేవారు. తిట్టినా బాగుండేది.

ఓ ఆదివారం పొద్దున్నే తలుపు తడితే పాలావిడ. చంకలో మూతపెట్టిన క్యాను. యాప్రాల్ నుంచి బస్సెక్కి వచ్చింది.

"బర్రె ఈనిందమ్మా. పెయ్య పుట్టింది. జున్నుపాలు తెచ్చిన, పెద్దమ్మకు."

లోపల్నుంచి అత్తగారు, "పెయ్యా? సల్లగుండాలి తల్లీ" అన్నారు. దూడ దక్కిందని నాకు ప్రాణం లేచొచ్చింది. నేను పర్సు కోసం వెనక్కి తిరగబోతే ఆవిడ ఆపేసింది. "జున్నుపాలు ఎవలన్న అమ్ముతరా. పంచాలె గని."

గిన్నె తెచ్చాను. ఆవిడ మూత తియ్యలేదు.

"ఆఫీసుల క్లర్కు సారు అడిగిండు, నీకు గీ అర్జీ రాసిచ్చింది ఎవలని. మా పాలకొచ్చే అమ్మ రాసింది అన్న. నవ్విండు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి సూపిచ్చిండు. నాకు చదువు రాదు. గీతలు కనబడుతయి గద. గవే డబ్బాలు, గవే నంబర్లు."

గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తిడుతుందేమో, తిట్టనీ అనుకున్నాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఒక్కటే అడుగుత. పాలల్ల నీళ్ళు పోస్తనని సుత రాసినవా అందుల?"

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు. ఆ మాట రాయలేదు."

ఆవిడ భుజాలు కిందికి దిగాయి. "గది రాయలే గద. గంతే, చాలు" అంది. క్యాను మూత తీసి, పసుప్పచ్చగా చిక్కగా ఉన్న పాలు గిన్నెలో పోసింది. చివరి బొట్టు దాకా పోసి, ఖాళీ క్యాను బోర్లించి నా వైపు చూపించింది. "చూస్కో అమ్మా" అంది, అలవాటుగా. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అత్తగారు బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి, ముందు నా చేతిలోనే పెట్టారు. తిన్నాను.

పాలావిడ, రాశావా అని అడిగింది గానీ, ఎందుకు రాశావని అడగలేదు. అడిగి ఉంటే చెప్పాల్సిన జవాబు, నేను రాయలేదని ఒట్టు వేసిన ఆ నీళ్ళ మాటే. అది ఆవిడకి చెప్పలేకే ఇన్నేళ్ళుగా సీసా మీది గేదె బొమ్మని తిడుతున్నాను.