అర మైలా, అయిదు మైళ్ళా

ఇంగ్లీషువాడి అచ్చులకు అక్షరాలు అయిదే. నోట్లో మాత్రం ఇరవై దాకా మెసలుతాయి. పండితులు వాటికి నాలుక ఎత్తూ పెదవుల ఒంపూ కొలిచి పటాలు గీశారు. ఆ పటాలతోనే పొట్టపోసుకున్న హిల్డా స్టాదర్స్‌ది ఉత్తర ఇంగ్లండులోని హల్ రేవు, హెసిల్ రోడ్డు. తండ్రి ట్రాలర్లనే వేట ఓడల నుంచి చేపలు దించే కూలీ. ఆమె మాత్రం కొలువులకు వెళ్ళే ఆడపిల్లలకు ముప్పై ఏళ్ళుగా ఉచ్చారణ నేర్పేది. వాళ్ళ ఇంట కింది వాటాలో పన్నెండేళ్ళు అద్దెకున్నాను.

ఆ వీధిలో అయిదును ‘ఫైవ్’ అనరు, ‘ఫావ్’ అంటారు. ట్రాలరు మీద రేడియో చూసే తమ్ముడు విల్ఫ్‌ను ఆమె వదిలేది కాదు.

“ఫావ్ కాదురా, ఫైవ్! నాలుక కిందనుంచి పైకి జారాలి.”

“చేపలకి అదంతా తెలీదులేవే అక్కా.”

యాభై ఎనిమిది ఫిబ్రవరిలో, ఐస్‌లాండ్‌కు ఉత్తరపు సముద్రంలో, తాళ్ళకూ స్తంభాలకూ మంచు గడ్డకట్టి ఆ ట్రాలరు ఒరిగిపోసాగింది. తెల్లవారుజామున నాలుగింటికి విల్ఫ్ కబురు తీరపు రేడియో కేంద్రానికి అందింది, ఆపైన మాట లేదు. ఏడింటికి వీధిలో పొక్కింది. “తీరం పక్కనేనట, తెచ్చేస్తారులే” అనుకున్నారు. హిల్డా పాఠానికి వెళ్ళింది.

పదయినా దొరకలేదు. ఆడవాళ్ళంతా ఓడల కంపెనీ ఆఫీసు మీద పడ్డారు. గుమాస్తా సెడ్జ్‌విక్ కాగితం చదివాడు: “హాఫ్ మైల్, కొమ్ముకి ఉత్తరాన.” అర మైలు. వెతికే పడవలు సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండకొమ్ము చుట్టూ తిరుగుతున్నాయి.

“హాఫ్ మైలా, హాఫ్ అ మైలా?” అంది హిల్డా.

“నీ పెద్దింటి నోటికిదా వేళ?” అని కసిరింది అదే ఓడలో మొగుడున్న ఏడా గిలియన్. “మావాళ్ళు అక్కడ గడ్డకడుతుంటే!”

ఇంగ్లీషులో అతి చిన్న అచ్చది. నాలుక లేవదు, పెదవి కదలదు. నోరు ఊరికే కాస్త తెరిస్తే వచ్చేస్తుంది. పలికేవాడికే తెలియదు, కానీ లేకపోతే చెవికి లోటు. ‘అర మైలు’ అనే ఏ ఇంగ్లీషువాడూ మధ్యలో ఆ ‘అ’ను వదలడు.

హిల్డా ఫోను లాక్కుంది. అవతల తీరపు రేడియో కేంద్రంలో లెవరెట్ అనే దక్షిణ ఇంగ్లండు కుర్ర ఆపరేటరు.

“రాసింది వద్దు బాబూ, విన్నది అను.”

“హాఫ్ మైల్. మొదటి హల్లు హోరులో పోయిందండి, చివరిది ‘ఫ్’ అనో ‘వ్’ అనో తేలలేదు.”

“మధ్యలో చిన్న ‘అ’?”

“లేదండి. రెండే దెబ్బలు.”

“ఆ ‘ఆ’ మీలా గొంతులోంచా, పళ్ళ వెనకనుంచా?”

“ముందునుంచే. మేక అరిచినట్టు.”

హిల్డా కళ్ళు మూసుకుని, ముప్పై ఏళ్ళుగా పిల్లల నోళ్ళలోంచి తుడిచేస్తూ వచ్చిన ధ్వనిని, తండ్రి రేవులో అరిచినట్టు అరిచింది: “ఫావ్ మైల్!”



“అదేనండి. అచ్చం అదే.”

“అయితే అది అర కాదు నాయనా, అయిదు! అయిదు మైళ్ళు!”

“ఒక అచ్చుని నమ్మి పడవలు మళ్ళిస్తారా, మిస్ స్టాదర్స్?” అన్నాడు సెడ్జ్‌విక్.

“మా తమ్ముడి నోరండీ అది. మళ్ళించమనండి!”

మళ్ళించారు. మధ్యాహ్నం మూడింటికి కబురొచ్చింది: అయిదు మైళ్ళ దూరాన తెప్ప దొరికింది, ఇద్దరు బతికున్నారు. ఒకడు ఏడా మొగుడు. వాళ్ళ పక్కనే విల్ఫ్ శవం. పొద్దున తొమ్మిదింటిదాకా ఆ తెప్ప మీద మాట్లాడుతూనే ఉన్నాడట.

ఏడా వచ్చి హిల్డాను కావలించుకుని ఏడ్చింది. “నా మనిషిని తెచ్చావే తల్లీ, నిన్నెన్ని మాటలన్నానో!”

హిల్డా చేతులు లేవలేదు.

“తొమ్మిదింటికి,” అంది, “ఒక పిల్లకి పెదవులు సున్నా చుట్టి ‘ఓ’ అనడం నేర్పుతున్నాను, ఏడా.”