చెరువుకు కిటికీలు తీసిన బాబాయి గారు

మా పక్కింటి బాబాయి గారు సోమవారం ఉదయం ఆసుపత్రిలో పోయారు. మిన్నెసోటాలో మా ఇళ్ళ వెనకున్న చిన్న చెరువు మీద మంచుగడ్డ కరుగుతున్న వారం అది. మన తెలుగు సంఘంలో మీరంతా ఆయన్ని రిటైరైన ఇంజనీరుగా ఎరుగుదురు. నాకు రాయడం అంతగా రాదు, ఏడో తరగతితో బడి ఆగింది. అయినా ఒక మాట చెప్పక తప్పదు.

నేను అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో, గడ్డకట్టిన చెరువు మీద ఒక పెద్దాయన పారతో మంచు తోస్తుంటే కిటికీలోంచి చూశాను. టోపీ మీద, చనిపోయిన తన భార్య శాలువా చుట్టుకున్నారు.

"సొంత డ్రైవ్‌వే క్లీన్ చేయరు గానీ చెరువు క్లీన్ చేస్తారు!" అని మా ఆయన నవ్వారు. మర్నాడు ఉప్మా ఇచ్చి రమ్మని నన్ను పంపారు. గిన్నె పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడ్డాను.

"రా అమ్మాయ్. నేను లేక్‌కి డాక్టర్ని, ఫీజు ఉప్మానే" అన్నారు బాబాయి గారు.

ఆ చెరువు లోతు తక్కువ. మంచు మందంగా పడితే గడ్డ కిందికి వెలుతురు పోదు, నాచు గాలి ఇవ్వదు, చేపలు ఊపిరాడక చస్తాయి. అందుకే ఆయన చారలు చారలుగా మంచు తీసేవారు. "నీళ్ళకీ కిటికీ కావాలమ్మా" అనేవారు. గడ్డకి రంధ్రం తొలిచి, గడ్డ మందం చూసే కొలకర్ర నా చేతికిచ్చి అంకె చదవమనేవారు. తప్పు చదివితే "మళ్ళీ చూడు, కర్ర ఎక్కడికీ పోదు" అనేవారు. అంత ఓపికగా నన్నెవరూ చదివించలేదు.

ఈ ఏడాది మంచు ఆగలేదు. ఫిబ్రవరి చివర ఆయన గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరారు. "మంచు ఒక్కటి తియ్యి అమ్మాయ్. చెరువు అడుగున బురద మాత్రం కదపొద్దు" అని ఫోన్‌లో చెప్పారు. రెండు వారాలు తీశాను. ఒక ఉదయం రంధ్రం దగ్గర చేపలు నోళ్ళు తెరుచుకుని ఎగపోస్తున్నాయి. మా నాన్న కొల్లేరు పక్కన చేపల చెరువుకి కాపలా మనిషి. చేపలు అలా తేలితే గెడతో నీళ్ళు కలియబెట్టేవాడు, గాలి కలిసి బతికేవి. నా చేతులకి తెలిసింది అదే. కర్ర బురదదాకా దించి, చేతులు పడిపోయేదాకా కలియబెట్టాను. నల్లటి నీళ్ళు, కుళ్ళు వాసన పైకొచ్చాయి. మిగిలిన కాస్త గాలినీ ఆ బురదే తాగేసింది. సాయంత్రానికి రంధ్రం నిండా చచ్చిన చేపలే.

మర్నాడు ఆసుపత్రికి వెళ్తే, బాబాయి గారు ముక్కుకి గొట్టంతో పడుకుని అడిగారు.

"మన పేషెంట్లు ఎలా ఉన్నారమ్మా?"

"బాగున్నారు బాబాయి గారూ."

"అడుగు కదపలేదుగా?"

"లేదండీ."

"గుడ్. ఇంక లేక్ నీదే" అని కళ్ళు మూసుకున్నారు.

ఆ తర్వాత నాలుగుసార్లు ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. నాలుగుసార్లూ చేపలు బాగున్నాయనే చెప్పాను. ఇప్పుడు ఆయన లేరు, మీకు చెబుతున్నాను. ఆ చేపల్ని చంపింది చలి ఒక్కటే కాదు.

నిన్న గడ్డ పూర్తిగా పోయింది. ఆయన పెరటి ఒడ్డంతా చేపలతో తెల్లగా ఉంది. రబ్బరు తొడుగులు వేసుకుని బకెట్‌లోకి ఎత్తుతున్నాను. ఒకదాన్ని తీసేలోపు గాలి ఇంకో రెండింటిని మెల్లగా తోసుకొచ్చి నీళ్ళలోకి దిగే ఆయన పెరటి మెట్ల దగ్గర పెడుతోంది.