మొదటి పేజీ పక్కన చివరి పేజీ

అచ్చాఫీసులో ఆమెను అందరూ మడతలమ్మ అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో. అక్కడ పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చయి వస్తాయి. దాన్ని ఫారం అంటారు. అందులో కొన్ని పేజీలు తలకిందులుగా, కొన్ని వెనకా ముందుగా ఉంటాయి. ఆమె చెక్కబద్దతో నొక్కి మూడు మడతలు పెడితే తప్ప కథ దారిలో పడదు.

"మా ఆయన బుర్రను కూడా ఓసారి మడిచిపెట్టు వదినా," అనేది పక్కన జిగురు రాసే ఆవిడ.

"ఫారానికైతే ఒక వరసుంటుంది. మీ ఆయన బుర్రకేముంది?"

అదంతా కూతురు పోకముందు మాట. ఇప్పుడామె తలెత్తకుండా మడుస్తోంది.

కూతురు ఆస్పత్రిలోనే కన్నుమూసింది. ఐదేళ్ళ మనవరాలికి అల్లుడు "అమ్మ ఊరెళ్ళింది" అని చెప్పాడు. "నిజం నా నోటితో చెప్పలేను అత్తయ్యా," అన్నాడు. ఆమె కూడా నోరు మెదపలేదు. పాప ధ్యాస మళ్ళుతుందని, రంగు అలికిపోయిన ఫారం ఒకటి ఇంటికి తెచ్చింది.

అది నక్కపిల్ల కథ. మొదటి పేజీలో ఖాళీ బొరియ. తల్లిని వెతుక్కుంటూ పిల్ల బయల్దేరుతుంది. తోక దీపంలా వెలుగుతుంటే మబ్బులెక్కుతుంది, తిమింగలం కడుపులో ఈదుతుంది. చివరి పేజీలో తల్లి ఒళ్ళో ముడుచుకుంటుంది.

పాప ఫారాన్ని నేల మీద పరుచుకుంది. విప్పి ఉన్న ఫారంలో మొదటి పేజీ పక్కనే చివరి పేజీ ఉంటుంది. చదవడం రాని పిల్ల, బొమ్మలు ఎలా కనబడితే అలా కథ అల్లుకుంది. అమ్మ లేదు, పక్క బొమ్మలో వచ్చేసింది. అంతే. ఆ రోజు నుంచి గుమ్మం వదల్లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, ఒక్క ఉదుటున లేచి తలుపు తీసేది. వచ్చింది పక్కింటివాళ్ళైతే, మొహం వేలాడేసుకుని మళ్ళీ చతికిలబడేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం మడతలమ్మ ఇక చూస్తూ ఉండలేకపోయింది. పాప ఎదుటే ఫారం మడిచి, అంచులు కోసి చేతికిచ్చింది.

పాప పేజీలు తిప్పింది. మబ్బులు. ఇంకా మబ్బులు. సముద్రం.

"ఇంత దూరమా అమ్మమ్మా? మా అమ్మ ఏ పేజీలో ఉంది?"

"ఇందులో లేదు తల్లీ. మీ అమ్మ చచ్చిపోయింది. ఇక రాదు."

పాప ఏడవలేదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఖాళీ బొరియ ముందు వైపున, తల్లి ఒడి వెనక వైపున ఉన్నాయి.

"నువ్వు మడవకముందు పక్కనే ఉంది," అంది. "మళ్ళీ విప్పు."

"కోసేశాక విప్పలేమే."

పాప ఆమె చేతిని విదిలించుకుని గోడవైపు తిరిగింది. గుమ్మం వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు అచ్చాఫీసులో అవే నక్కపిల్ల ఫారాలు కట్టలుగా ఉన్నాయి.

"పాపకి ఇంకోటి పట్టుకెళ్ళు వదినా, పాడైనవి చాలా ఉన్నాయి," అంది జిగురావిడ.

"వద్దు. విప్పి ఉన్నది ఇస్తే మళ్ళీ గుమ్మంలో కూర్చుంటుంది."

ఆమె బద్ద తీసుకుంది. తల్లి బొమ్మను ఒక పక్కకి, ఖాళీ బొరియను ఇంకో పక్కకి మడిచి, గట్టిగా నొక్కింది.