చెయ్యి దిగేదాకా

పట్టణం బ్యాండులో ట్రంపెట్ ఊదే పెద్దాయన్ని అందరూ బూర మాస్టారనే పిలిచేవారు. బ్యాండు నడిపించే నాయకుడు చెయ్యెత్తితే చాలు, గుండెల నిండా గాలి పట్టి, ఆ చెయ్యి దిగేదాకా వదలని మనిషి. అలాంటాయన ఈమధ్య ఆఖరి పాటలోని పొడుగు స్వరాన్ని పక్కాయనకి అప్పగించి, "అన్నీ నేనే ఊదేస్తే ఏం బాగుంటుంది?" అనడం మొదలుపెట్టారు. భార్య నమ్మలేదు. మేడమెట్ల సగంలో ఆగిపోయే మనిషికి ఉన్నట్టుండి ఇంత దానగుణం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆసుపత్రికి లాక్కెళ్లింది.

గుండె నుంచి రక్తం బయటికి పంపే కవాటం బిగుసుకుపోయింది. తొడలోని నాళం గుండా కొత్తది పంపి అమర్చొచ్చు. కానీ గుండెకే రక్తమిచ్చే నాళం ఒకటి సన్నబడింది. అది నిజంగా రక్తాన్ని అడ్డుకుంటుంటే, ఛాతీ తెరిచి రెండూ ఒకేసారి బాగుచెయ్యాలి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ తర్వాత ఊదగలనో లేదోనని మాస్టారికి బెంగ పట్టుకుంది.

"పరీక్షలో తీసిన బొమ్మలో ఇరుకుగా కనిపించినంత మాత్రాన తేల్చలేమండీ," అంది డాక్టరమ్మ. "సన్న తీగ పంపి, ఇరుక్కి అటూ ఇటూ ఒత్తిడి కొలుస్తాం. కవాటం జబ్బున్నవాళ్లలో ఆ అంకె కూడా ఒక్కోసారి ఏమారుస్తుంది. అందుకే ఒక్కసారి చూసి నమ్మను."

పరీక్ష బల్ల మీద ఆయన మెలకువగానే ఉన్నారు. మామూలుగా ఊపిరి తీసుకోమన్నారు. అంకె కుదురుకోగానే, రాసుకోమని డాక్టరమ్మ నర్సుకి చెయ్యెత్తింది. అంకె గంతులేసింది. మళ్లీ కొలిచినా అదే వరస. డాక్టరమ్మ నుదురు చిట్లించేసరికి మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి.

నర్సే ముందు కనిపెట్టింది. "మేడం, మీరు చెయ్యెత్తినప్పుడల్లా ఈయన ఊపిరి బిగబడుతున్నారు."

"ఏం మాస్టారూ?"

"మీరు చెయ్యి దించితేనే కదమ్మా వదిలేది," అన్నారాయన బిక్కమొహం వేసి.

గది గదంతా నవ్వింది. డాక్టరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని మొదటి నుంచీ కొలిపించింది. ఎన్నిసార్లు చూసినా అంకె బుద్ధిగా నిలబడింది. "ఈ ఇరుకు పెద్దగా అడ్డం పడట్లేదు. ఛాతీ తెరవక్కర్లేదు. కవాటం మార్చాక దీన్ని మళ్లీ ఓ కంట కనిపెడతాను," అంది. బయట బెంచీ మీదున్న భార్య ఆ మాట విని కళ్లు తుడుచుకుంది. తర్వాత ఊపిరి బిగబట్టిన సంగతి తెలిసి ఆయన్ని తనివితీరా తిట్టింది.

వానలు వెలిసేసరికి మాస్టారు కొత్త కవాటంతో కోలుకున్నారు. పార్కులో కచేరీ పెట్టారు. ఆఖరి పాటలో, పొడుగు స్వరం కోసం పక్కాయన అలవాటుగా ట్రంపెట్ ఎత్తబోతే మాస్టారు మోచేత్తో ఆపారు. జనం వెనకాల నిలబడ్డ డాక్టరమ్మ ఆయన్ని చూసి పలకరింపుగా చెయ్యెత్తింది. మాస్టారు గుండెల నిండా గాలి పట్టి స్వరం అందుకున్నారు. ఆవిడ చెయ్యి దించడం మరిచిపోయింది. మాస్టారూ తొందరపడలేదు.