బురదను నమ్మిన మా మేడం

శ్రీకాళహస్తిలో బస్సు దిగుతుండగా ఫోను వచ్చింది. మా మేడం పోయారని కబురు. తిరుపతి కాలేజీలో నాకు సూక్ష్మజీవుల పాఠం చెప్పిన గురువు ఆమె. చంద్రగిరి దగ్గర వేరుశనగ పండించే ఇంట్లో పుట్టి, సముద్రం అడుగు బురదను చదవడానికే బతుకంతా వెచ్చించిన మనిషి.

ఆమె వెంట మొదటిసారి, జాలర్ల ఊరు పక్కన సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఒక చిన్న అఖాతానికి వెళ్లినప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. పడవలోంచి గొట్టం దించి తీసిన బురద నల్లగా ఉంది, కుళ్లిన గుడ్ల కంపు. పాడైపోయిందనుకుని నీళ్లలో పారబోశాను. ఆమె కోప్పడలేదు.

"కంపు కొడితే చచ్చినట్టు కాదు పాపా. ఆడికి గాలి అందక వేరే జీవులు చేరినాయి. మళ్లా తియ్యి, సూద్దాం."

ఏడాది పొడుగునా నెలనెలా అఖాతంలో చాలాచోట్ల బురద తీశాం. ప్రతిచోటా నీటి ఉప్పదనం, వేడి, అందులోని ప్రాణవాయువు కొలిచాం. మధ్యాహ్నం ఉడకబెట్టిన శెనక్కాయలు ఆమే పడవలో అందరికీ పంచేవారు. సముద్రపు పోటు తాకే చోట బురద పైపొర గోధుమరంగులో ఉండేది; గాలి పీల్చే జీవులు అక్కడ ఉండేవి. నీరు కదలని చోట అంతా నలుపే. ఇసుక మేటవేసి అఖాతం నోరు పూడిపోతోందని, అందుకే నలుపు నెలనెలా పాకుతోందని ఆమె తేల్చారు.

అప్పటికే రొయ్యలు కరువై ఒడ్డునున్న జాలర్లు ఊరు విడిచే ఆలోచనలో ఉన్నారు. అధికారులు పెట్టిన సమావేశంలో ఒక నిపుణుడు, "ఇది చచ్చిపోయిన అఖాతం. ఖర్చు దండగ," అన్నాడు. మేడం లేచారు.

"చచ్చిపోలేదు సార్. ఇసుక తీసి నోరు తెరిపించండి. బురద మారకుంటే నా ఉద్యోగం వదిలేస్తా."

అధికారులు ఇసుక తీయించి అఖాతం నోరు తెరిపించారు. నాలుగు నెలలు గడిచినా బురద నల్లగానే వచ్చింది. కాలేజీలో నవ్వులు మొదలయ్యాయి. నాకూ భయం పట్టుకుంది.

"అప్పుడే తొందరా? మా నాయన వాన కోసం ఎన్నేండ్లు ఆకాశం సూసినాడో నీకేం తెలుసు!" అన్నారామె.

వానాకాలం దాటాక గొట్టం పైకి తీస్తే, నలుపు మీద వేలెడు మందాన గోధుమరంగు పొర! మైక్రోస్కోపు కింద ఆమె ఎదురుచూసిన జీవులే. ఆ తర్వాత పురుగులొచ్చాయి, పీతలొచ్చాయి. మరుసటేడు జాలర్లే మనిషిని పంపి మమ్మల్ని పిలిపించారు.

ఇవాళ నా విద్యార్థుల ముందు "తెలియదు, మళ్లీ చూద్దాం" అని ధైర్యంగా అనగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష.

జాలర్లు పిలిపించిన ఆ రోజు, ఒడ్డు పక్క నీళ్లలో ఒక పెద్దమ్మ, "మీదే తొలి పంట తల్లీ," అంటూ బుట్టెడు రొయ్యలు మేడం చీర చెంగులో గుమ్మరించింది. చెంగు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, అందులోంచి ఎగిరిపడుతున్న రొయ్యలను ఆపలేక, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆమె పకపకా నవ్వుతున్నారు.